తీర్పుకు గడువు పెట్టిన ఊరు

మొన్న ఆదివారం కరీంనగర్‌లో ఆరాధన ముగిశాక, పల్లె పనిలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు నా గదికి వచ్చారు. చాయ్ తాగేదాకా మామూలు మాటలు మాట్లాడి, లేవబోతూ అసలు సంగతి అడిగారు.

"అమ్మా, దేవుని తీర్పు గురించి పల్లెల్ల ఎట్ల చెప్పాలె? చెప్తే ముసలోళ్ళు భయపడుతున్నరు. చెప్పకపోతే అయ్యగారు కోపం చేస్తున్నరు."

అది నిలబడి చెప్పే జవాబు కాదు. కూర్చోమన్నాను. బస్సు వేళయిందన్నారు. అందుకే రాస్తున్నాను. నా మొదటి జీతం ఎంతో, ఏ పరీక్షలో ఎన్ని మార్కులో, ఏ తేదీన ఎక్కడికి బదిలీ అయ్యానో అన్నీ నాకు జ్ఞాపకమే. కాని వాటితో మీకు పని లేదు. మీకు పనికివచ్చేది ఒక ఊళ్ళో ఒక జొన్నచొప్ప కుప్ప తగలబడిన సంగతి. దానికంటే ముందు మా పని ఎట్లా ఉండేదో కొంత చెప్పాలి.

మా పని

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నేను మిషన్‌లో బైబిలు స్త్రీగా చేరాను. పల్లెల్లో పంతులమ్మ అనేవారు. నేను బడి చెప్పే పంతులమ్మను కాను. ప్రసంగం చేసే అధికారమూ నాకు లేదు, అది మగవాళ్ళది. ఆడవాళ్ళు పత్తి ఏరుతున్నా, పిండి విసురుతున్నా పక్కన కూర్చుని, వాళ్ళ చేతిపని ఆగకుండా వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం, బాప్తిస్మానికి సిద్ధం చేయడం నా పని. మొదట కరీంనగర్ వైపు సాలెవాడల్లో, తరువాత భైంసా, బోథ్ వైపు పల్లెల్లో, చివరికి ఆసిఫాబాద్‌లో పనిచేశాను.

ఇప్పుడు మీకు బస్సులున్నాయి. అప్పుడు నల్లరేగడి దారి. నాలుగడుగులు వేస్తే చెప్పులకు మట్టి పట్టి కాళ్ళు బరువెక్కేవి. పుల్లతో గీక్కుని మళ్ళీ నడిచేదాన్ని. అయినా ఆ దారులు తలచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది. చలికాలం పొద్దున పత్తిచేలు తెల్లగా విచ్చి ఉండేవి. చేలో నుంచే ఎవరో ఒకరు "ఓ పంతులమ్మబాయీ, పాట చెప్పిపో" అని కేక వేసేవారు. వాళ్ళ తెలుగులో సగం మరాఠీ. నేను నేర్పిన పాటను వాళ్ళ రాగంలోకి లాగేసి, అదే అసలు రాగమని నాతోనే వాదించేవారు. ఇప్పుడు ఆ పాట ఎక్కడ విన్నా నాకు వాళ్ళ రాగమే సరి అనిపిస్తుంది.

నా సంచిలో ఒక బొమ్మల చుట్ట ఉండేది. గుడ్డ మీద అచ్చువేసిన పెద్ద బొమ్మలు. కథ నడిచినకొద్దీ ఒక్కొక్కటి విప్పుతాము. చిట్టచివరి బొమ్మ తీర్పుది. దేవదూత చేతిలో తక్కెడ పట్టుకుని ఉంటాడు. మా పై అధికారి ఒక తెల్ల దొరసాని, అందరూ మిస్సమ్మ అనేవారు. పుస్తకాల్లో నేర్చిన తెలుగు ఆమెది. నన్ను పనిలోకి పంపేటప్పుడు ఒకే ఒక షరతు పెట్టింది.

"నీవు ఎవరి ఇంటిలో భోజనము చేయలేదో, వారికి ఆ చివరి బొమ్మ చూపవద్దు."

అప్పుడు నాకు ఆ మాట వింతగా తోచింది.

తక్కెడ బొమ్మ

కరీంనగర్ వైపు ఒక సాలెవాడలో రాజవ్వ అనే ముసలామె ఉండేది. పొద్దంతా మగ్గానికి కండెలు చుట్టేది. మా మతం కాదు, అయినా బొమ్మలంటే ఇష్టం. వాళ్ళింట్లో జొన్న గట్క తాగాక ఒకరోజు చివరి బొమ్మ విప్పాను. రాజవ్వ రాట్నం ఆపి ముందుకు వంగింది.

"గీయనెవలు? తక్కెడ వట్టిండు. నూలు తూచే సేటా?"

"దేవదూత, అవ్వా. ఆఖరి దినం అందరి పనులు తూచి దేవుడు తీర్పు చెప్తడు."

"సేటు గూడ గట్లనే వట్టుకుంటడు. పళ్ళెం కింద వేలు పెడ్తడు. మీ దేవుడు పెట్టడా?"

"పెట్టడవ్వా."

"సేటును గూడ తూస్తడా?"

"తూస్తడు."

"గట్లయితె జర జల్ది రమ్మను. నా కండ్లు పోతున్నయి. చూడాలె గద!"

వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత ఎక్కడికి వెళ్ళినా ఈ ముచ్చట చెప్పేదాన్ని.

మాకు ఇంకొక పై అధికారి ఉండేవాడు. మనవాడే, మంచి గొంతు. తన ప్రసంగం విని ఎవరూ ఏడవకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. తీర్పు అంటే ఆయనకు నిప్పు, పొగ, పళ్ళు కొరుక్కోవడం. ఆయన వచ్చిపోయిన వారం నేను గుడిసె గుడిసెకూ తిరగవలసి వచ్చేది. భయపడినవాళ్ళు ఆ వారం ప్రార్థనకు వచ్చేవారు. పై వారం పిల్లల మెడలో తాయెత్తులు కనబడేవి. భయం వేసినవాడు ఎవరు దగ్గరుంటే వాళ్ళ దగ్గరికే పోతాడు.

ఈ మధ్య దీనికి వ్యతిరేకపు రకం బోధకులను చూస్తున్నాను. తీర్పు ఊసే ఎత్తరు, ప్రేమ ఒక్కటే చాలంటారు. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. గడీలో వెట్టి చేసి, దెబ్బలు తిని, ఏ కచేరీలోనూ తన మాట వినబడక ముసలివాడైన మనిషి ఎదురుగా నిలబడి, "నీ సంగతి ఎవరూ అడగబోరు" అని చెప్పగలిగితే చెప్పమనండి. నాకు ఆ ధైర్యం లేదు. తీర్పు ఉందని నేను నమ్ముతాను. పొద్దు పొడుస్తుందని నమ్మినట్టే నమ్ముతాను.

అయితే నమ్మడం వేరు, దాన్ని మన చేతిలోకి తీసుకోవడం వేరు. ఈ తేడా నాకు భైంసా అవతలి ఊళ్ళో తెలిసింది.

గడువు

ఊరి పేరు రాయను. వాళ్ళ మనుమలు, మనుమరాళ్ళు అక్కడే ఉన్నారు. భైంసాకు ఉత్తరాన, వాగు అవతల ఉంటుంది. అక్కడి మన క్రైస్తవుల వాడకు సంఘపెద్ద యాకోబు. వాడ మొత్తానికి ఎడ్లూ బండీ ఉన్నది ఆయనకే. నేను ఎప్పుడు వెళ్ళినా ఆయన ఇంట్లోనే దిగేదాన్ని. పెద్దబాపు అని పిలిచేదాన్ని. ఆయన భార్య మార్తవ్వ. ఆ చేతి జొన్నరొట్టె మళ్ళీ నేను ఎక్కడా తినలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడబోతున్న ఏడాది అది. ఆ ఎండాకాలం చివర యాకోబు చొప్పకుప్ప తగలబడింది. పశువులకు ఏడాది మేత ఒక్కపూటలో బూడిద అయింది. అనుమానం ఎస్తేరు మీదికి పోయింది. ఆమె యాకోబు తమ్ముని కొడుకు భార్య. భర్త చనిపోయాడు. నడకవచ్చిన కూతురు రాహేలుతో ఒక గుడిసెలో ఉండేది. కుప్ప కాలడానికి కొద్దిరోజుల ముందు యాకోబు ఎద్దు ఆమె పెరటి కూరపాదులు తినేసింది. ఆ కోపంలో ఆమె నలుగురి ముందూ "నీ కుప్ప కాలిపోను" అని తిట్టింది. సాక్ష్యం అదొక్కటే.

పంచాయితీ ఎన్నిసార్లు కూర్చున్నా తెగలేదు. వానలు ముదిరాక, కాస్త తెరిపి దొరికినప్పుడు నలుగురి చేతులు పట్టుకుని వాగు దాటి నేను వెళ్ళాను. యాకోబు అరుగు మీద కూర్చుని చాలా సంతోషంగా ఉన్నాడు.

"పంతులమ్మా, నీ సదువు మాకు మంచిగ పనికొచ్చింది."

"ఏమైంది పెద్దబాపూ?"

"ఎస్తేరుతోని గుడిల ప్రమాణం చేపిచ్చినం. బిడ్డను సంకల ఎత్తుకొని, వాక్యం మీద చెయ్యి పెట్టింది. 'నేను చేసి ఉంటే సంస్కారం లోపట దేవుడు నా ఇంట్ల తీర్పు చెయ్యని' అన్నది. ఏం కాకపోతె అందరితోని రొట్టె తింటది. ఏదన్న కీడైతె ఇల్లు ఇడిచి పోవాలె."

సంస్కారం అంటే ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే అధికారం అభిషేకం పొందిన అయ్యగారికే ఉంది. వానాకాలంలో వాగులు దాటి ఆయన రాలేరు. దసరా వెళ్ళాక వస్తారు. గడువు అంతవరకు.

ఇట్లా ప్రమాణం చేయించి కీడు కోసం కాచుకోవడం ఆ వైపు పాత ఆచారం. ఇదివరకు గుడి ముందు తడిబట్టలతో చేయించేవారు. మనవాళ్ళు గుడి మార్చారు, పుస్తకం మార్చారు, ఆచారాన్ని మాత్రం ఉంచుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"దేవునికి గడువు పెట్టుడేంది పెద్దబాపూ?"

"తీర్పు తప్పదని నువ్వే గద చెప్పినవు బిడ్డా. బొమ్మ గూడ చూపిస్తివి. తప్పనిదానికి గడువు పెడితె ఏం తప్పు?"

నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి మార్తవ్వ అందుకుంది.

"గడువులు పెట్టుడు నేర్చిండు మీ పెద్దబాపు. ఇగ తాసీల్ కచేరిల కుర్సీ వేస్తరు."

"నువ్వు రొట్టె సంగతి చూసుకోవే."

"చూస్తనే ఉన్న. గడువు పెట్టకు, మాడుతది."

ఇంకొక సంగతి కూడా నాకు ఆ క్షణంలోనే తట్టింది. వాళ్ళు గడువు పెట్టింది జ్వరాల కాలంలో. ఆ కాలంలో జ్వరం రాని గుడిసె ఆ వాడలో ఉండదు. యాకోబు ఇంట్లోనే కోడలు గొంగడి కప్పుకుని పడుకుని ఉంది. ఆ మాటే అన్నాను.

"గది వేరు," అన్నాడు. "ప్రమాణం చేసిన ఇల్లు వేరు."

ఉత్త రోలు

నేను వచ్చినప్పటి నుంచి ఎస్తేరు గుడిసెలో రోకలి చప్పుడు వినబడుతూనే ఉంది. మార్తవ్వ రొట్టె తిప్పుతూ నాకు మాత్రం వినబడేట్టు అంది.

"పొద్దటి సంది దంచుతనే ఉంది. ఇంట్ల గింజలు లేవు. ఏం దంచుతదో!"

తిన్న చెయ్యి కడుక్కుని నేను అటు నడిచాను. పట్టపగలు తలుపు వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళాను. ఎస్తేరు రోకలి ఎత్తి వేస్తోంది. రోట్లో ఒక్క గింజ లేదు. నన్ను చూసి చెయ్యి ఆపింది. ఆ నిశ్శబ్దంలో మూలనున్న గొంగడి కింది నుంచి పిల్ల మూలుగు వినిపించింది. వెంటనే మళ్ళీ దంచడం మొదలుపెట్టింది.

పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"ఎప్పటి సంది ఎస్తేరూ?"

"మొన్నటి సంది. జర మెల్లగ మాట్లాడు పంతులమ్మా."

"దవాఖానకు తీస్కపోవాలె."

"ఎట్ల తీస్కపోను? వాగుల రొమ్ముల లోతు నీళ్ళున్నయి. బండి మామ ఒక్కనికే ఉంది. బండి అడిగితె పిల్లకు జరమని ఎర్కయితది. ఎర్కయితె తీర్పు అయినట్టే. గీ పిల్లను వట్టుకొని నేనేడికి పోవాలె?"

"గిది తీర్పు కాదు. చలిజరం. ఇంటింటికి ఉంది."

"నాకు ఎర్కనే. వాళ్ళకు చెప్పు."

సంచిలో ఉన్న క్వినైన్ మాత్ర అరగదీసి తేనెతో పట్టాను. పిల్ల కక్కేసింది. మళ్ళీ పట్టాను. మళ్ళీ కక్కింది. ఆ మధ్యలో ఒక ప్రశ్న నా నాలుక దాకా వచ్చింది: నువ్వు నిజంగా కాల్చినవా? దాన్ని మింగేశాను. నా ఉద్యోగంలో నేను సరిగ్గా చేసిన పనులు లెక్కపెట్టమంటే అది ఒకటి.

కాసేపటికి పిల్ల కళ్ళు పైకి పోయాయి, కాళ్ళు బిగుసుకున్నాయి. ఎస్తేరు రోకలి గోడకు చేరవేసింది. తొందర పడలేదు. పిల్లను గొంగడితో సహా ఎత్తుకుని, కొంగు తల మీదికి లాక్కుని, యాకోబు వాకిట్లోకి నడిచింది. నేను వెనకాల.

యాకోబు బండి కాడికి తాడు పేనుతున్నాడు.

"మామా, నేనే కాలవెట్టిన. ఒట్టు గూడ అబద్ధమే పెట్టుకున్న. తీర్పు అయ్యింది, గిదో చూడు పిల్లను. గడువు తీరింది. ఇగ బండి కట్టు."

పక్క గుడిసెల వాళ్ళు బయటికి వచ్చారు. "దొరికింది! దేవుడున్నడు!" అని ఎవరో అరిచారు. యాకోబు తాడు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. మార్తవ్వ వచ్చి పిల్ల నొసలు తాకి చూసి, పిండి చేత్తోనే మొగుని వీపు మీద ఒకటి వేసింది.

"ఒప్పుకున్నది గద, ఇంకేం చూస్తవయ్యా? ఎడ్లు కట్టు!"

బండిలో

బండి ఆయనే తోలాడు. వాగు దగ్గర దిగి, రొమ్ముల లోతు నీళ్ళలో ఎడ్ల ముకుతాళ్ళు పట్టుకుని నడిచాడు. నడుమ వాగులో వెనక్కి తిరిగి అడిగాడు.

"ఎందుకు చేసినవు బిడ్డా?"

"ఎడ్లను చూడు మామా. వాగు దాటినంక అడుగు."

వాగు దాటాక ఆయన అడగలేదు.

భైంసా దవాఖానలో డాక్టరు సూది వేసి మమ్మల్ని తిట్టిపోశాడు. "మూడు దినాల సంది ఏం చేసిండ్రు? ఇంకొక్క పూట ఆగితె పిల్ల ఉండేది కాదు." మరునాటి పొద్దుటికి పిల్ల కళ్ళు తెరిచి అంబలి అడిగింది. ఎస్తేరు ముఖం గోడవైపు తిప్పుకుని అప్పుడు ఏడ్చింది.

బయట బండి నొగ మీద కూర్చుని ఉన్న యాకోబు నన్ను పిలిచాడు.

"పంతులమ్మా, ఆమె నిజంగ చేసిందంటవా?"

"ప్రమాణం చేపిచ్చింది నువ్వు. ఒప్పుకున్నది నీ ముంగట. నన్నడుగుతవేంది?"

"బండి కోసం చెప్పిందేమో అని." కాసేపు ఎడ్లను చూశాడు. "గట్లయితె నేను పిల్లను అడ్డం పెట్టి ఒప్పిచ్చినట్టు గద?"

"నాకు తెల్వదు పెద్దబాపూ."

"తెల్వదంటె ఎట్ల? తీర్పు సంగతి సదివినదానివి నువ్వు!"

నాకు తెలిసింది ఇంతే. ఎస్తేరు దేవుని పేరు మీద ఒకసారి చేయలేదంది, ఒకసారి చేశానంది. రెండింటిలో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో ఆమెకూ దేవునికీ తెలుసు. అటుపైన నా లెక్క ముందుకు పోలేదు, ఇప్పటికీ పోదు.

మిస్సమ్మ అడిగిన ప్రశ్న

ఎస్తేరును ఎవరూ వెళ్ళగొట్టలేదు. యాకోబే పంచాయితీలో లేచి అన్నాడట: "బండి కట్టి బతికిచ్చుకొని వచ్చినోణ్ణి, మల్ల ఎట్ల ఎళ్ళగొడుదు?" దసరా వెళ్ళాక అయ్యగారు వచ్చారు. ఎస్తేరు పిల్లను ఎత్తుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. యాకోబు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. అయ్యగారు పిలిస్తే, "నా సంగతి తేలలేదు" అన్నాడు. సంఘపెద్దగా ఉంటూనే, ఆ తరువాత ఏళ్ళ తరబడి బల్ల దగ్గర రొట్టె ముట్టలేదు.

నేను జరిగినదంతా మిస్సమ్మకు చెప్పాను. మందలిస్తుందనుకున్నాను. ఆమె ఒకే ప్రశ్న అడిగింది.

"నీవు ఆ ఊరిలో ఎవరి ఇంటిలో దిగుచున్నావు?"

"యాకోబు ఇంట్ల, అమ్మా."

"ఇకమీదట ఎస్తేరు ఇంటిలో దిగుము."

మొదటి షరతు అర్థమేమిటో నాకు అప్పుడు తెలిసింది. ఎస్తేరు ఇంట్లో నేను ఒక్కపూట కూడా తినకుండానే తీర్పు బొమ్మ ఆ వాడకంతటికీ చూపించి ఉన్నాను. ఆ తరువాత వెళ్ళిన ప్రతిసారీ ఆమె గుడిసెలోనే దిగాను. మార్తవ్వ అలిగి, రొట్టెలు గుడ్డలో కట్టి అక్కడికే పంపేది.

అమ్మాయిలూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇంతే. తీర్పు ఉందని చెప్పండి, గొంతు తగ్గించకుండా చెప్పండి. ఎప్పుడని చెప్పకండి. ఎవరి మీదనో అసలే చెప్పకండి. ఏ ఇంట్లో ఉత్త రోలు దంచుతున్నారో చూసి, ఆ ఇంట్లో దిగండి.

ఆఖరి మాట

నేను ఆసిఫాబాద్‌కు మారాక కొన్నేళ్ళకు, యాకోబు మంచాన పడ్డాడని, నన్ను చూడాలంటున్నాడని కబురు వచ్చింది. వెళ్ళాను. అప్పటికి వాగు మీద వంతెన కట్టారు. వాకిట్లో ఎండపొడకు మంచం వేసి పడుకోబెట్టారు. మార్తవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఎస్తేరు తడిగుడ్డతో ఆయన పెదవులు తుడుస్తోంది. రాహేలు ఆమె అంత పొడుగు అయింది.

వాళ్ళిద్దరి మధ్య ఒకే సంభాషణ ఏళ్ళ తరబడి నా ఎదుటే ఎన్నోసార్లు జరిగింది. ఆయన "నువ్వు చేసినవా బిడ్డా?" అనేవాడు. ఆమె "దేవునికి ఎర్క మామా" అనేది. "నాకు గూడ ఎర్క కావాలె గద" అంటే, "నీకెందుకు? తీర్పు నువ్వు చేస్తవా?" అనేది. ఆ రోజు మాత్రం ఆయన ఇంకొక తీరుగా అడిగాడు.

"ఇగనన్న చెప్పు బిడ్డా. చేసినవంటె నేను నిన్ను మాఫ్ చెయ్యాలె. చెయ్యలేదంటె నువ్వు నన్ను మాఫ్ చెయ్యాలె. ఏదో ఒకటి తెల్వకపోతె నేనెట్ల పోవాలె?"

ఎస్తేరు గుడ్డను గిన్నెలో ముంచి పిండింది.

"రెండు చేసుకుందాం మామా. నువ్వు నన్ను మాఫ్ చెయ్యి, నేను నిన్ను మాఫ్ చేస్త. ఏది అక్కెరకొస్తదో ఆడ దేవుని ముంగట చూసుకుందాం. నువ్వు ముంగట పోతున్నవు. ఎన్క నేను గూడ వస్త. ఇద్దరికి ఒక్క తీరుగనే చెప్తడు."

యాకోబు నా వైపు చూశాడు. రాజవ్వ ముచ్చట ఆయనకు ఎప్పుడో చెప్పి ఉన్నాను.

"పంతులమ్మా, నూలు తూచే సేటు తీరు పళ్ళెం కింద వేలు పెట్టడు గద?"

"పెట్టడు పెద్దబాపూ."

"గట్లయితె అయ్యగారిని పిలువుండ్రి. రొట్టె తింట."

మార్తవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇన్నేండ్లకు ఆకలయ్యిందా నీకు!" అని, తనే లేచి అయ్యగారికి కబురు పంపడానికి వెళ్ళింది.